కోయంబత్తూరు మోటారు వెనక ఒక తెలుగాయన

కనిగిరి, పామూరు, పొదిలి వైపు సేద్యం ఎలా ఉంటుందో ఆ ప్రాంతం వాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. వాన తక్కువ. నీళ్లు లోతు. ఆ లోతు నీళ్లలో ఫ్లోరైడ్. మిరప వేసినా, పొగాకు నాటినా చివరికి అంతా బోరు మీద, బోరులో దింపిన మోటారు మీద ఆధారపడుతుంది. ఆ మోటారు ఎక్కడిదని అడిగితే చాలాసార్లు కంపెనీ పేరు కంటే ముందు ఊరి పేరు వస్తుంది. కోయంబత్తూరుది అంటారు. దేశంలో తయారయ్యే పంపుల్లో దాదాపు సగం ఆ ఒక్క ఊరి చుట్టుపక్కల నుంచే వస్తాయని చెబుతారు. మన హోటళ్లలో ఇడ్లీ పిండి రుబ్బే గ్రైండర్లూ చాలావరకు అక్కడివే.

ఆ ఊరికి ఆ పేరు తెచ్చినవాళ్లలో ఒకాయన ఇంట్లో తెలుగు మాట్లాడుకునే కుటుంబంలో పుట్టాడు. గోపాలస్వామి దొరస్వామి నాయుడు. అందరికీ తెలిసిన పేరు జి.డి. నాయుడు. తమిళనాడులో ఆయన్ని భారతదేశపు ఎడిసన్ అంటారు. 2025 అక్టోబరులో కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద కట్టిన పది కిలోమీటర్ల ఫ్లైఓవర్‌కి ఆయన పేరే పెట్టారు. మన వైపు మాత్రం ఆయన గురించి తెలిసినవాళ్లు తక్కువ.

ఎడిసన్ అనగానే మనం కొత్తవి కనిపెట్టిన మనిషిని ఊహించుకుంటాం. నాయుడుగారి జీవితంలో మనలాంటి ఇంజనీరింగ్ విద్యార్థులకి ఎక్కువ పనికొచ్చే సంగతి ఇంకొకటుంది. ఒక యంత్రం తయారుచేయడం ఒక పని. దాన్ని జనంలోకి తీసుకెళ్లి, పాడైనప్పుడు బాగుచేసి, పదేళ్లు నిలబెట్టడం ఇంకో పని. ఆయన చేసిన వాటిలో కొన్ని నిలబడ్డాయి, కొన్ని నిలబడలేదు. ఎందుకలా అయిందో చూస్తే మన నాలుగేళ్ల సిలబస్‌లో లేని పాఠం ఒకటి దొరుకుతుంది.

మూడో తరగతి దాకా చదువు

నాయుడుగారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గర కలంగల్ అనే పల్లెలో పుట్టారు. విజయనగర కాలంలోనూ ఆ తర్వాతా తెలుగు నేల నుంచి దక్షిణానికి వెళ్లి, నల్లరేగడిలో పత్తి పండిస్తూ స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. వాళ్లది అలాంటి ఒక వ్యవసాయ కుటుంబం. పసితనంలోనే తల్లి పోయింది. బడి ఆయనకి పట్టలేదు. మూడో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత ఏం నేర్చుకున్నా పుస్తకాల నుంచీ, చేతులతో విప్పి చూసిన సామాన్ల నుంచీ నేర్చుకున్నదే.

కుర్రతనంలో ఆయన మొదటిసారి మోటారుసైకిల్ చూశారు. ఒక ఇంగ్లీషు అధికారి రడ్జ్ కంపెనీ బండి మీద ఆ పల్లెకి వచ్చాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా దానంతట అదే నడిచే బండి. అది కొనాలన్న పట్టుదలతో కుర్రాడు కోయంబత్తూరు వెళ్లి, ఒక హోటల్లో సర్వర్‌గా చేరి, ఏళ్ల తరబడి డబ్బు కూడబెట్టి, చివరికి ఆ అధికారి దగ్గరే ఆ బండిని కొన్నాడు. ధర మూడు వందల రూపాయలని చెబుతారు. కొన్న తర్వాత చేసిన మొదటి పని దాన్ని నడపడం కాదు, పూర్తిగా విప్పేయడం. ఏ ముక్క ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో చూసుకుని మళ్లీ బిగించాడు. అలా మెకానిక్ అయ్యాడు.

ఈ కథ ఆయన జీవితచరిత్రలన్నింటిలో ఉంటుంది. చదివి మెచ్చుకుని వదిలేస్తాం. కానీ ఆ రోజుల్లో ఆ బండి కొన్నవాడికి వేరే దారి లేదన్నది గమనించాలి. కోయంబత్తూరు జిల్లాలో రడ్జ్ కంపెనీ సర్వీసు సెంటరు ఎక్కడుంది? బండి ఆగిపోతే తీసుకెళ్లడానికి ఎవరున్నారు? విడిభాగం కావాలంటే ఓడలో రావాలి. కాబట్టి బండి కొనుక్కున్నవాడే దాని మెకానిక్ కూడా కావాలి. కొత్త యంత్రం కొత్త ఊరికి వచ్చినప్పుడు మొదటి ఇబ్బంది ఇదే. నాయుడుగారు దాన్ని అమ్మేవాడి వైపు నుంచి కాకుండా కొన్నవాడి వైపు నుంచి ముందు చూశారు.

పత్తి ఇచ్చింది, పత్తే పట్టుకుపోయింది

తర్వాత ఆయన తిరుప్పూరులో పత్తి జిన్నింగ్ వ్యాపారంలోకి దిగారు. గింజ నుంచి దూది వేరుచేసే ఆ మిల్లు గుంటూరు, ప్రకాశం పత్తి ఊళ్ల వాళ్లకి కొత్తేమీ కాదు. మొదటి ప్రపంచ యుద్ధం రోజులు, పత్తికి ధర ఉంది. డబ్బు బాగా వచ్చింది. ఆ ఊపులో బొంబాయి వెళ్లి పత్తి బేరాల్లో పెట్టారు. అక్కడ మొత్తం పోగొట్టుకున్నారు. చేతులూపుకుంటూ కోయంబత్తూరు తిరిగొచ్చారు.

మిల్లులో యంత్రం ఆయన చెప్పినట్టు విన్నది. బొంబాయిలో ధర మాత్రం ఎవరి మాటా వినలేదు. ఆ దెబ్బ తర్వాత ఆయన మళ్లీ చేతికి తెలిసిన పనికే వచ్చారు. కోయంబత్తూరులో మిల్లులూ, కాఫీ వ్యాపారమూ, మోటారు వ్యాపారమూ ఉన్న రాబర్ట్ స్టేన్స్ అనే ఇంగ్లీషు పారిశ్రామికవేత్త ఆయన్ని నమ్మాడు. స్టేన్స్ సాయంతో 1920లో నాయుడుగారు ఒక బస్సు కొన్నారు. పొల్లాచి, పళని మధ్య తిప్పారు. డ్రైవరు కూడా ఆయనే.

ఒక్క బస్సు నుంచి 280 దాకా

ఇప్పుడు బస్సు అంటే మనకి మామూలు సంగతి. 1920లో అది కొత్త యంత్రం, కొత్త సేవ. జనానికి ఎడ్లబండి అలవాటు. ఎద్దు ఆలస్యమైనా దారిలో నిలిచిపోదు. బస్సు నిలిచిపోతుంది. రేడియేటరు మరిగి పొగలు కక్కుతుంది, టైరు పేలుతుంది. ఒకసారి దారిలో దిగబడి నడిచి ఇంటికి చేరిన ప్రయాణికుడు మళ్లీ ఎక్కడు. ఎక్కకపోగా పది మందికి చెబుతాడు. కాబట్టి బస్సు వ్యాపారంలో అమ్మే సరుకు సీటు కాదు, సమయానికి చేరతామన్న నమ్మకం.

నాయుడుగారి బస్సు సంస్థ, అందరూ యు.ఎం.ఎస్. అనేది, ఈ నమ్మకం మీదే పెరిగింది. 1933 నాటికి ఆ సంస్థ కింద 280 బస్సులు తిరిగేవి. దేశంలోనే బాగా నడిచే బస్సు సర్వీసుల్లో ఒకటిగా దానికి పేరు. ఇంజనీరింగ్ విద్యార్థులుగా మనం ఆ అంకెని ఇంకో రకంగా చదవాలి. 280 బస్సులంటే 280 ఇంజన్లు, 280 రేడియేటర్లు, వెయ్యికి పైగా టైర్లు, అన్నింటికీ డైనమోలు, స్టార్టర్ మోటార్లు. రోజూ వాటిలో ఏవో కొన్ని పాడవుతూనే ఉంటాయి. ప్రతిదానికీ మద్రాసు నుంచో విదేశాల నుంచో ముక్క వచ్చేదాకా ఆగితే సగం బస్సులు షెడ్డులోనే ఉంటాయి.

అందుకే ఆయన చుట్టూ పుట్టిన పరిశ్రమల పేర్లు చూస్తే ఒక వరస కనిపిస్తుంది. రేడియేటర్ల తయారీ. ఆర్మేచర్ వైండింగ్. డీజిల్ ఇంజన్ సామాన్లు. కార్బన్ సామాన్లు. గడియారాలు. వీటిలో చాలావాటికి మూలం ఒకటే: నడుస్తున్న బండి ఆగకూడదు. మనం స్టార్టప్ అనగానే ముందు వస్తువు గురించి ఆలోచిస్తాం, సర్వీసు గురించి తర్వాత చూద్దాం అనుకుంటాం. ఆయన దగ్గర వరస తిరగబడింది. ముందు సర్వీసు చేశారు. సర్వీసు చేస్తూ చేస్తూ ఏ ముక్క ఎప్పుడు, ఎందుకు పాడవుతుందో నేర్చుకున్నారు. ఆ తర్వాత ఆ ముక్కని తయారుచేశారు.

మోటారు

1937లో కోయంబత్తూరు శివార్లలోని పీళమేడు నుంచి ఒక ఎలక్ట్రిక్ మోటారు బయటికొచ్చింది. తయారుచేసింది డి. బాలసుందరం నాయుడు నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్‌లో, జి.డి. నాయుడుతో కలిసి. దేశంలో తయారైన మొదటి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్నే చెప్పుకుంటారు. బాలసుందరం నాయుడు తర్వాత టెక్స్‌టూల్ అనే పెద్ద యంత్రాల సంస్థని స్థాపించారు.

ఈ మోటారు ఆ ఊళ్లోనే, ఆ ఏళ్లలోనే ఎందుకు పుట్టిందో చూడాలి. కోయంబత్తూరు కూడా కనిగిరి లాగే వాన తక్కువ నేల. బావులు లోతు. ఎద్దులతో మోట తోలి నీళ్లు తోడేవారు. మన వైపు పాతవాళ్లు కపిల అనేది అదే. 1930ల మొదట్లో నీలగిరి కొండల్లో పైకారా జలవిద్యుత్ కేంద్రం మొదలై కోయంబత్తూరుకి కరెంటు వచ్చింది. బట్టల మిల్లులు వరసగా లేచాయి. మిల్లుల కోసం ఫౌండ్రీలు, లేతులు, పని తెలిసిన చేతులు అప్పటికే ఊళ్లో తయారవుతున్నాయి. పీళమేడులోనే పి.ఎస్.జి. కుటుంబం 1926లో ఒక పారిశ్రామిక శిక్షణ సంస్థని పెట్టింది. అంటే అవసరం (లోతు బావి), శక్తి (పైకారా కరెంటు), చేతి పని (ఫౌండ్రీ, లేతు, వైండింగ్) మూడూ ఒకే చోట కలిశాయి. మోటారు ఆ కలయికలోంచి వచ్చింది.

మోటారు చేయడం ఒక ఎత్తు. దాన్ని రైతు చేత కొనిపించడం ఇంకో ఎత్తు. ఎద్దుల జతకి గడ్డి వేస్తే చాలు. మోటారుకి కరెంటు లైను కావాలి, స్టార్టరు కావాలి, ఫ్యూజు కావాలి. అది కాలిపోతే ఏం చేయాలో రైతుకి తెలియదు. ఎలక్ట్రికల్ బ్రాంచి వాళ్లు ఇక్కడ కొంచెం ఆగి లెక్క వేసుకోవచ్చు. ఇండక్షన్ మోటారు టార్క్ వోల్టేజీ వర్గానికి అనుపాతంలో ఉంటుంది. 415 వోల్టులు రావాల్సిన చోట, లైను చివర ఉన్న పొలంలో 330 వస్తే టార్క్ దాదాపు 63 శాతానికి పడిపోతుంది. పైకి లాగాల్సిన నీళ్ల బరువు మాత్రం తగ్గదు. మోటారు వేగం తగ్గించుకుని ఎక్కువ కరెంటు లాగుతుంది. వైండింగ్ వేడెక్కుతుంది. ఇన్సులేషన్ ఓర్చుకోగల వేడిని దాటి ప్రతి పది డిగ్రీలకీ దాని ఆయుష్షు సుమారుగా సగమవుతుంది. మూడు ఫేజుల్లో ఒకటి పోతే ఇంకా ఘోరం. మామూలు మోటార్లని 40 డిగ్రీల పరిసర వేడికి లెక్కగట్టి చేస్తారు. మే నెలలో కనిగిరి ఎండ ఆ గీత దాటేస్తుంది.

ల్యాబ్ బెంచి మీద బ్రహ్మాండంగా తిరిగిన మోటారు పొలంలో కాలిపోవడానికి కారణం డిజైన్ తప్పే కానక్కర్లేదు. వాడే చోటు వేరు, అంతే. కాబట్టి మోటారు అనే సరుకు నిలబడాలంటే మోటారు ఒక్కటే సరిపోదు. ప్రతి చిన్న ఊళ్లో రాగి తీగ చుట్టడం తెలిసిన మనిషి ఉండాలి. బేరింగు, బుష్, ఫుట్‌వాల్వు దొరికే దుకాణం ఉండాలి. పంట ఎండిపోయే లోపు, అంటే రెండు మూడు రోజుల్లో, పని పూర్తవ్వాలి. మిరప పూత మీదున్నప్పుడు వారం రోజులు నీళ్లు ఆగితే రైతుకి పోయేది మోటారు ధరకి ఎన్నో రెట్లు.

కోయంబత్తూరు గెలిచింది ఇక్కడే. అక్కడ ఒక కంపెనీ కాదు, ఒక ఊరంతా మోటారు నేర్చుకుంది. ఒకచోట పనిచేసినవాడు బయటికొచ్చి ఇంకో షెడ్డు పెట్టాడు. పోతపోసేవాడు ఒకడు, షాఫ్టు తిప్పేవాడు ఒకడు, తీగ చుట్టేవాడు ఒకడు. విద్య అలా పాకుతూ వచ్చి దక్షిణాది చిన్న పట్టణాల దాకా చేరింది. ఇవాళ కనిగిరిలోనో పామూరులోనో వైండింగ్ షాపులో కూర్చుని, ఏ కంపెనీ మోటారైనా విప్పి, స్లాట్లు లెక్కపెట్టి, గేజి చూసి మళ్లీ చుట్టే కుర్రాడు ఆ పొడుగాటి గొలుసులో చివరి లింకు. అతను లేకపోతే ఎంత పెద్ద కంపెనీ అయినా ఆ మండలంలో మోటారు అమ్మలేదు.

నిలబడనివి

నాయుడుగారు అక్కడితో ఆగే మనిషి కాదు. యూరప్ తిరిగారు. 1936 జనవరిలో లండన్‌లో ఐదో జార్జి అంత్యక్రియల ఊరేగింపుని సొంత కెమెరాతో తీశారు. జర్మనీ వెళ్లారు. ఆయన చేసిన వస్తువుల జాబితా చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది: చిన్న మోటారుతో డ్రై సెల్స్ మీద నడిచే రసాంత్ అనే రేజరు, పలుచటి షేవింగ్ బ్లేడ్లు, సినిమా కెమెరాకి దూరం సర్దే పరికరం, పళ్లరసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసం చేయడానికి వీల్లేని ఓటు యంత్రం.

వీటిలో చాలావాటికి మనం ఇవాళ దుకాణంలో ఆయన పేరుతో కొనే దారి లేదు. ఎందుకని?

రేజరునే తీసుకుందాం. దాన్ని జర్మనీలోని హైల్‌బ్రోన్‌లో తయారుచేయించారు. అంత చిన్న మోటారుని అంత సున్నితంగా చేసే పనితనం అప్పటికి అక్కడ ఉంది. కానీ తయారీ ఒక దేశంలో, యజమాని ఇంకో దేశంలో ఉన్నప్పుడు మధ్యలో దారి తెగితే సరుకూ ఆగిపోతుంది, దాని విడిభాగాలూ ఆగిపోతాయి. 1939లో యుద్ధం వచ్చి, బ్రిటిష్ ఇండియాకీ జర్మనీకీ మధ్య వ్యాపారం తెగిపోయింది. దానికి తోడు అది సెల్స్ మీద నడిచే వస్తువు. సెల్ దొరకని ఊళ్లో ఆ రేజరు ఉత్త డబ్బా. ఒక యంత్రం దేని మీద బతుకుతుందో, ఆ మేత కూడా ఊరూరా దొరకాలి.

రేడియో సంగతి. 1941లో అయిదు వాల్వుల రేడియోని మన దేశంలోనే 70 రూపాయలకి చేసి ఇవ్వగలనని ఆయన ప్రకటించారు. సామాన్యుడి ఇంట్లో రేడియో అన్న ఊహే లేని రోజులవి. ధర విషయంలో ఆయన లెక్క సరైనదే అనుకుందాం. రేడియోకి ప్రాణం వాల్వు. అది బల్బు లాగా కాలిపోతుంది. ఆ వాల్వులు బయటి దేశాల నుంచి రావాలి, అదీ యుద్ధం మధ్యలో. అమ్మిన రోజు ధర తగ్గించడం తయారుచేసేవాడి చేతిలో ఉంటుంది. అయిదేళ్ల తర్వాత బాగుచేసే ధర చాలాసార్లు వాడి చేతిలో ఉండదు.

కారు సంగతి ఇంకా బాధాకరం. 1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు. ధర 2,000 రూపాయలు. అప్పటికి 1951 నాటి పరిశ్రమల చట్టం వచ్చింది. అనుమతి లేకుండా ఇలాంటి పరిశ్రమ పెట్టడానికి లేదు. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. ఇక్కడ లోపం ఇంజన్లో లేదు, గేరులో లేదు, కొనేవాళ్లు లేరనీ కాదు. యంత్రానికి ముందు కాగితం కావాలి. ఆ కాగితం రాలేదు.

ఓటు యంత్రం గురించి మన తరం ఇంకొంచెం వివరంగా తెలుసుకోవచ్చు. నాయుడుగారు చేసినప్పుడు దాన్ని కొనే వినియోగదారుడు ఒక్కడే, ప్రభుత్వం. ఆ ఒక్కడు కొనకపోతే బజారే లేదు. చాలా ఏళ్ల తర్వాత హైదరాబాదులోని ఇ.సి.ఐ.ఎల్., బెంగళూరులోని బి.ఇ.ఎల్. ఎలక్ట్రానిక్ ఓటు యంత్రాలు చేశాయి. 1982లో కేరళలోని పరవూరులో కొన్ని పోలింగ్ కేంద్రాల్లో వాడి చూశారు. చట్టంలో అలాంటి ఏర్పాటు లేదని సుప్రీంకోర్టు 1984లో ఆ ఓటింగుని కొట్టేసింది. 1988లో చట్టం మార్చారు. అన్ని లోక్‌సభ స్థానాల్లో ఆ యంత్రం వాడింది 2004లో. రెండు ప్రభుత్వ సంస్థలు, ఎన్నికల సంఘం వెనక ఉండి కూడా బయటికి తేవడానికి 22 ఏళ్లు పట్టింది. చట్టం, సిబ్బందికి శిక్షణ, ఓటరుకి నమ్మకం, మధ్యలో పాడైతే వెంటనే మార్చే ఏర్పాటు, ఇన్ని కావాలి. కోయంబత్తూరులో ఒక్క మనిషి తన వర్క్‌షాపులోంచి అవన్నీ ఎలా తెస్తాడు?

నాయుడుగారి తప్పేమీ లేదా అంటే, అలా అనడం కూడా సరికాదు. ఆయన ఆసక్తి ఒక వస్తువు నుంచి ఇంకో వస్తువుకి గెంతేది. వ్యవసాయంలోకి దిగి పది అడుగుల ఎత్తు పత్తి మొక్కలు పెంచారు, బొప్పాయి మీద, మొక్కజొన్న మీద ప్రయోగాలు చేశారు. సి.వి. రామన్, విశ్వేశ్వరయ్య లాంటి వాళ్లు వచ్చి ఆ తోట చూసి వెళ్లారు. ఇవన్నీ గొప్ప సంగతులే. కానీ ఒక వస్తువు బజారులో పాతుకోవడానికి విసుగు పుట్టించే పని చాలా కావాలి. ఫిర్యాదులు వినడం, అదే ముక్కని పదోసారి మార్చడం, ఊరూరా డీలర్ని వెతకడం. బస్సుల విషయంలో ఆయన ఈ విసుగు పని ఏళ్ల తరబడి చేశారు, అది నిలిచింది. మోటారు విషయంలో ఊరంతా కలిసి చేసింది, అదీ నిలిచింది. రేజరు, రేడియో, ఫ్యానుల విషయంలో అలా ఏళ్ల పాటు పట్టుకుని కూర్చునే వ్యవస్థ ఆయన వెనక ఏర్పడలేదు.

రెండేళ్ల ఇంజనీరింగ్

1944లో ఆయన మోటారు వ్యాపారం నుంచి తప్పుకున్నారు. ఆ తర్వాత దృష్టి చదువు మీద పడింది. మూడో తరగతి చదివిన ఈ మనిషి చొరవతో, విరాళాలతో 1945లో కోయంబత్తూరులో ఒక పాలిటెక్నిక్, ఒక ఇంజనీరింగ్ కాలేజీ వచ్చాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. ఆ కాలేజీయే తర్వాత గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది. కాలేజీ వేరే చోటికి పోయినా, పీళమేడు దగ్గర ఆ బస్టాపుని ఇప్పటికీ హోప్ కాలేజ్ అనే అంటారు.

మొదటి ప్రిన్సిపాల్ ఆయనే. ఇంజనీరింగ్ కోర్సు నాలుగేళ్లు ఎందుకన్నది ఆయన ప్రశ్న. సరిగ్గా నేర్పితే రెండేళ్లు చాలని ఆయన వాదన. బ్రిటిష్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన రాజీనామా చేశారు. సెమిస్టర్ పరీక్షల ముందు ఈ మాట వింటే మనలో చాలామంది చప్పట్లు కొడతాం. కానీ ఆయన రెండేళ్లు తగ్గించమన్నది మనకి సుఖంగా ఉంటుందని కాదు. పనిముట్టు చేతికివ్వకుండా గడిపే కాలం వృథా అని ఆయన నమ్మకం. మోటారు సమీకరణం బోర్డు మీద రాసి, కాలిపోయిన వైండింగ్ ఒక్కసారి కూడా వాసన చూడకుండా డిగ్రీ పుచ్చుకుని వెళ్లే మనం ఆ వాదనకి జవాబు చెప్పుకోవాల్సిందే.

పగలగొట్టిన వస్తువులు

స్వతంత్రం వచ్చాక కూడా ఆయనకీ ప్రభుత్వానికీ పడలేదు. ఎక్కువ పన్నులు, లైసెన్సులు తయారుచేసేవాడి చేతులు కట్టేస్తున్నాయని ఆయన కోపం. 1950ల్లో తాను చేసిన రేడియోల్లాంటి వస్తువుల్ని జనం ముందే పగలగొట్టించి నిరసన తెలిపారు. విప్పి మళ్లీ బిగించడంతో మొదలైన మనిషి తన చేతులతో చేసినదాన్ని పగలగొట్టే దాకా వచ్చాడంటే ఆ బాధ ఎంతో ఊహించుకోవచ్చు. అది సరైన పద్ధతా కాదా అని ఇవాళ కూడా వాదించుకోవచ్చు. పన్నులతోనే కదా పైకారా లాంటి కరెంటు కేంద్రాలు, రోడ్లు వచ్చాయి, అవి లేకపోతే ఆయన మోటారు, ఆయన బస్సు ఎక్కడ తిరిగేవి అని ఎదురు వాదన కూడా ఉంది. రెండు వైపులా నిజం ఉంది.

కోపం అక్కడితో తీరిపోలేదేమో గానీ, ఆయన చివరి ఏళ్లలో చేసిన పని మాత్రం కట్టేదే. 1967లో ఇండస్ట్రియల్ లేబర్ వెల్ఫేర్ అసోసియేషన్ పెట్టి, దానితో పాటు యంత్రాల ప్రదర్శన ఒకటి ఏర్పాటు చేశారు. దేశదేశాల నుంచి తెచ్చిన యంత్రాలు, తాను చేసినవి, అన్నీ జనం దగ్గరికి వచ్చి చూసేలా పెట్టారు. 1974 జనవరి 4న ఆయన కన్నుమూశారు. కొడుకు జి.డి. గోపాల్ ఆ ప్రదర్శనని కొనసాగించారు. అవినాశి రోడ్డు మీద ఉన్న జి.డి. నాయుడు మ్యూజియం అలా మిగిలింది.

మనకి ఏం మిగిలింది

మన కాలేజీల్లో ప్రతి ఏడాదీ ప్రాజెక్టు ఎక్స్‌పో జరుగుతుంది. మిరపకాయల్ని గ్రేడు చేసే యంత్రం, పత్తి తీసే చేతి పరికరం, సోలార్ మీద నడిచే స్ప్రేయరు, బోరుకి మొబైల్ స్టార్టరు. చాలావరకు మన ఊళ్ల అవసరాల్లోంచి పుట్టినవే, మంచి ఆలోచనలే. స్టాలు ముందు బాగానే పనిచేస్తాయి. ఫోటో దిగుతాం, సర్టిఫికెట్ తీసుకుంటాం. తర్వాత ఆ యంత్రం డిపార్టుమెంటు స్టోర్‌రూములో దుమ్ము పడుతుంది.

నాయుడుగారి జీవితం చదివాక ఆ స్టాలు ముందు నిలబడితే అడగాల్సిన ప్రశ్నలు మారతాయి. ఇది పొలంలో పాడైతే పామూరులో ఎవరు బాగుచేస్తారు? లోపల సెన్సరు పోతే ఎన్ని రోజుల్లో వస్తుంది, ఎంతవుతుంది? 45 డిగ్రీల ఎండలో, మిరప కళ్లంలో లేచే దుమ్ములో, లో వోల్టేజీలో దీన్ని ఎన్ని గంటలు నడిపి చూశారు? బ్యాటరీ అయిపోతే ఆ ఊళ్లో దొరుకుతుందా? అమ్మడానికి ఏ అనుమతులు కావాలి? అన్నింటికంటే ముందు, వైండింగ్ షాపు కుర్రాడు దీన్ని విప్పి మళ్లీ బిగించగలడా, లేక విప్పితే పనికిరాకుండా పోయేలా చేశామా?

మన ఊళ్లలో పవర్ స్ప్రేయరుని తైవాన్ పంపు అనే పేరుతోనే పిలుస్తారు. బయటి నుంచి వచ్చి రైతు నోట్లో పేరుగా స్థిరపడిపోయింది. అలా స్థిరపడాలంటే రిపేరు చేసేవాడు, స్పేర్లు అమ్మేవాడు దగ్గర్లో ఉండాలి. మనం చేసిన యంత్రానికి కూడా ఒక రోజు ఊరి పేరు పెట్టి పిలవాలంటే, రిపేరు మాన్యువల్ తెలుగులో రాయడం, నలుగురు మెకానిక్‌లకి ముందుగా నేర్పడం, స్పేరు ముక్కల పెట్టె ఒకటి మండల కేంద్రంలో పెట్టడం లాంటి చిన్న పనులతో మొదలుపెట్టాలి. ప్రాజెక్టు మార్కుల్లో వీటికి చోటు లేదు. అయినా ఫైనల్ ఇయర్ వాళ్లు ఈసారి కనీసం ఒక బ్యాచి, యంత్రంతో పాటు దాని విడిభాగాల జాబితా, ధరలు, బాగుచేసే పద్ధతి కూడా స్టాలులో పెడితే బాగుంటుంది.

ఇండస్ట్రియల్ టూర్‌కి కోయంబత్తూరు వెళ్లే అవకాశం ఎప్పుడైనా వస్తే అవినాశి రోడ్డు మీద ఆ మ్యూజియంకి ఒక పూట కేటాయించండి. అక్కడి నుంచి పీళమేడు వైపు సందుల్లోకి కూడా వెళ్లి చూడండి. లేతు మీద షాఫ్టు తిప్పుతున్నవాళ్లు, రాగి తీగ చుడుతున్నవాళ్లు కనిపిస్తారు. వాళ్ల దగ్గర పది నిమిషాలు నిలబడి అడిగితే చాలామంది పని ఆపకుండానే చెబుతారు.